కంటికి ఉత్తరం, తుంటికి దక్షిణం

కాసిల్‌టౌన్‌బేర్, కౌంటీ కార్క్
9 సెప్టెంబరు 2018

మరదలు మర్టల్‌కి,

ఈ పిలుపు చూసి మొహం చిట్లించకు. నలభై నాలుగేళ్లుగా నువ్వు మా టైగ్ భార్యవి. నేను వాడి అక్క డీలియాని. మనం ఒకరినొకరు చూసుకోని మాట నిజమే గాని, చుట్టరికం చూపులతో వచ్చేది కాదుగా.

అక్షరాలు బంగాళాదుంపలంత ఉన్నాయని నవ్వకు. కాగితం మీద అట్టముక్క పెట్టి, దాని అంచున వేలు జరుపుకుంటూ నల్ల మార్కరుతో రాస్తున్నాను. రాసింది నేనే చదవలేను. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. కారు నడపడం మానేసి రెండేళ్లయింది. పోయిన వారం పేకాటలో ఆటీను రాజనుకుని డైమన్ రాజుని దించి, నా జతగాడి చేత నానా మాటలూ పడ్డాను.

కార్క్ ఆసుపత్రివాళ్లు నా పేరు వరసలో ఉందని రాశారు. డాక్టరు మొదటిసారి చూడటానికే మూడేళ్లట, కత్తి పట్టేది ఆ తర్వాతెప్పుడో. నాకు డెబ్భై అయిదు. ఆ వరస నేరుగా స్వర్గం దాకా ఉన్నట్టుంది. అందుకని మా కౌన్సిలరు ఒక బస్సు పెట్టాడు. సొంత దేశంలో సర్కారు వైద్యం వేళకి అందకపోతే యూరప్‌లో ఇంకో దేశానికెళ్లి చేయించుకోవచ్చనీ, ఖర్చు తర్వాత మన సర్కారే ఇస్తుందనీ ఒక చట్టం ఉందట. మాకు అందుబాటులో ఉన్న ఆ ఇంకో దేశం, బ్రిటన్ కింద ఉన్న మీ బెల్‌ఫాస్టే. ఐర్లండంతా ఒక్కటేనని బతికినన్నాళ్లూ వాదించిన మా నాన్న వింటే సమాధిలో లేచి కూర్చునేవాడు.

నవంబరు పదిహేడు, శనివారం మా బస్సు వస్తుంది. ఆదివారం ఒక కన్ను చేస్తారు. ఆ ఒక్క రాత్రీ మీ ఇంట్లో తల దాచుకోనిస్తావా? టైగ్‌ని ఒకసారి చూడాలని ఉంది.

నీ జవాబు మా పక్కింటి కాన్ హారింగ్టన్ చదివిపెడతాడు. ఒకప్పుడు పడవలమీద పనిచేసేవాడు, ఇప్పుడు ఆదివారాలు చర్చిలో బైబిలు చదువుతాడు. మంచి గొంతు.

నీ వదిన,
డీలియా లౌనీ


బెల్‌ఫాస్ట్
21 సెప్టెంబరు 2018

డీలియా లౌనీ గారికి,

మీ ఉత్తరం అందింది. దీన్ని మీకు చదివిపెట్టే పెద్దమనిషి ఒక్క ముక్క కూడా వదలకుండా చదవాలని నా మనవి.

1974లో రిజిస్ట్రారు ఆఫీసులో మా పెళ్లి జరిగింది. మీ వైపు వరసంతా ఖాళీ. అది బోసిగా కనబడకూడదని మా పిన్ని అందరి కోట్లూ తెచ్చి ఆ కుర్చీల మీద పడేసింది. మా పెళ్లి ఫోటోలో ఆయన బంధువులంటే ఆ కోట్లే. అప్పుడు రావడానికి మీకు బస్సు దొరకలేదు. ఇప్పుడు కన్ను పోయేసరికి దొరికింది.

మీరు టైగ్ అనే మనిషిని ఇక్కడ టెడ్ అంటారు. మా ప్రొటెస్టెంటు వీధిలో టైగ్ అంటే మీ కాథలిక్కుల్ని తిట్టే తిట్టు. ఆ రోజుల్లో ఆ పేరు పెట్టుకుని తిరిగితే మా కిటికీకి అద్దం మిగిలేది కాదు.

ఇక మంచం సంగతి. ఆయన తుంటి కీలు పూర్తిగా అరిగిపోయింది. మేడమెట్లు ఎక్కలేక ముందుగదిలో పడుకుంటున్నారు. అదనంగా ఉన్న ఆ ఒక్క మంచమూ అలా పోయింది. కీలు మార్చడానికి మా సర్కారు ఆసుపత్రి వరసలో ఇంకా మూడేళ్లు. నేను ముప్పైయొక్క ఏళ్లు ఆ ఆసుపత్రుల్లోనే నర్సుగా చేశాను, అయినా మా వంతు ముందుకు జరగదు. మీవాళ్లు మాత్రం బస్సుల కొద్దీ దిగి, ఇక్కడి ప్రైవేటు క్లినిక్కులో చేయించుకుని మర్నాటికి వెళ్లిపోతున్నారు. మేం కిటికీలోంచి చూస్తున్నాం.

క్షమించాలి. మీకు మా ఇంట్లో చోటు లేదు.

మర్టల్ లౌనీ


కాసిల్‌టౌన్‌బేర్
3 అక్టోబరు 2018

నా బంగారు మరదలికి,

నీ ఉత్తరం కాన్ చదువుతుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పనికిరాని కళ్లయినా ఆ పని బాగానే చేస్తాయి. ఇన్నేళ్ల తర్వాత ఇంత చల్లని మాటలు! మా తలుపు మీకెప్పుడూ తెరిచే ఉంటుందంటివి. ఇంటికి రంగులేయిస్తున్నారు గాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఒక్క రాత్రి కాదు, వారం ఉంచుకునేదాన్నని రాస్తివి. రంగులు వేసేటప్పుడు ఇంట్లో ఎంత అవస్థో నాకు తెలుసు. నేను మిగతావాళ్లతోపాటు బసలోనే ఉంటాను. నువ్వేం నొచ్చుకోకు.

మా టైగ్ ఈ వయసులో కూడా కుందేలులా పరుగులు పెడుతున్నాడని వినగానే ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడూ అంతే, వాణ్ని పట్టుకుని స్నానం చేయించడానికి ఇద్దరం కావాలి.

ఆదివారం పదిన్నరకి నన్ను క్లినిక్కు లోపలికి పిలుస్తారు. అంతకుముందు ఒక్క పావుగంట మీరిద్దరూ వస్తే చాలు.

నీ డీలియా


బెల్‌ఫాస్ట్
16 అక్టోబరు 2018

వదినగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి వెక్కిరింపనుకున్నాను. రెండోసారి, మీ మతంలో రెండో చెంప చూపించడమంటే ఇదేనేమో అనుకున్నాను. మూడోసారి సిగ్గేసింది. కత్తిలాంటి ఉత్తరం రాస్తే తిరిగి తేనె పంపిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

రంగుల సంగతేమిటో నాకు బోధపడలేదు. కుందేలు మాట టెడ్‌కి చదివి వినిపిస్తే, ఊతకర్ర నేలకేసి కొడుతూ నవ్వారు. రెండు నెలల తర్వాత ఈ ఇంట్లో నవ్వు వినబడింది. అందుకు మీకు రుణపడ్డాను.

ఆదివారం నేను వస్తాను. నీలం కోటు వేసుకుంటాను, మీకు కనబడకపోయినా. ఆయన రాలేరు. కారణం మీకు ముందే రాశాను గనక మళ్లీ రాయను.

మర్టల్


కాసిల్‌టౌన్‌బేర్
25 నవంబరు 2018

మర్టల్‌కి,

కన్నొచ్చింది! సోమవారం పొద్దున మా నర్సు కట్టు విప్పగానే ముందు కనబడింది పాలచెంబు. పాలు ఇంత తెల్లగా ఉంటాయా! ఆరేళ్లుగా నాకు అవి టీ రంగులోనే ఉన్నాయి. తర్వాత గది చూశాను. మూలమూలనా సాలెగూళ్లు. ఈ మురికిలోనా నేను వచ్చినవాళ్లకల్లా టీలిచ్చింది! ఒక్కరూ నోరు విప్పలేదే! తర్వాత అద్దం చూశాను. అందులో మా నాయనమ్మ ఉంది.

కాన్ గడ్డం సగమే గీసుకుంటాడని ఇన్నాళ్లూ తెలీదు. రెండోవైపు కూడా గీసుకోమని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో బస్సంతా ఒంటికన్ను దొంగల ఓడలా ఉంది. ముప్పైమందిమి, అందరికీ కట్లు. బోర్డులు కనబడకపోయినా, ప్రతి ఊరిపేరూ పోటీపడి ఊహించి కేకలేస్తూ వచ్చాం. డ్రైవరు తల పట్టుకున్నాడు.

నువ్వు తెచ్చిచ్చిన మిఠాయి డబ్బా సరిహద్దు దాటకముందే ఖాళీ అయింది. నీ చెయ్యి పట్టుకున్నది రెండు నిమిషాలే అయినా, అది పనిచేసిన చెయ్యని తెలిసింది.

ఒక్కమాట మాత్రం మనసులో దాచుకోలేను. "ఆయన రాలేకపోయారు" అన్నావు. "తెలుసులే" అన్నాను. కుందేలులా పరిగెత్తేవాడికి, అయిదువందల కిలోమీటర్లు వచ్చిన అక్క కోసం పావుగంట దొరకలేదు. వాడి కోపం వాడిది. ఇక అడగను.

డీలియా


బెల్‌ఫాస్ట్
1 డిసెంబరు 2018

డీలియా గారికి,

ఇక ఓపిక లేదు. ఆయన తుంటి గురించి సెప్టెంబరులోనే రాశాను. మీరు ఒక్కసారైనా ఎలా ఉందని అడగలేదు. సరే, పెద్దావిడ, కన్ను బాధలో ఉందనుకున్నాను. ఇప్పుడు పావుగంట దొరకలేదంటారా?

మీరొచ్చిన ఆదివారం ఆయన ఆరింటికే లేచి, టై కట్టుకున్నారు. మా ఇంటి ముందు మూడు మెట్లు. రెండు దిగారు. మూడో మెట్టు మీద కూర్చుండిపోయారు. లేపడానికి పక్కింటివాళ్లని పిలవాల్సొచ్చింది. టై విప్పకుండా సాయంత్రం దాకా అలాగే ఉన్నారు.

కుందేలట! ఆ ఎగతాళి ఇంకెప్పుడూ చెయ్యకండి.

మర్టల్


కాసిల్‌టౌన్‌బేర్
6 డిసెంబరు 2018

మర్టల్, తల్లీ,

రెండేళ్లలో నా కంటితో నేను చదువుకున్న మొదటి ఉత్తరం నీది. తర్వాత గూట్లోంచి నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. కోట్లు వేసిన కుర్చీలు. ముందుగదిలో మంచం. ఒక్క ముక్క కూడా నా చెవిన పడలేదు, నమ్ము.

ఉత్తరాలు పట్టుకుని కాన్ ఇంటికెళ్లాను. టీ తాగుతున్నాడు.

"కాన్, ఈ రంగులేయడమేమిటి?"

"ఏ రంగులు?"

"బెల్‌ఫాస్ట్ ఇంటికి."

కప్పు కింద పెట్టాడు. "అందులో రాయాల్సిన మాటలు అవి కావు డీలియా. అందుకని రాయాల్సినవి చదివాను."

"మరి కుందేలు?"

"తుంటి సంగతి చెబితే ఏడుస్తావు. ఏడ్చే కంటికి ఆపరేషను చెయ్యరని నర్సు చెప్పింది."

"ఏ నర్సు?"

మళ్లీ కప్పు అందుకుని, "నర్సు కూడా నేనేలే" అన్నాడు.

చేతికందిన రొట్టె వాడిమీదికి విసిరాను. ఒంటికన్నుతో విసిరినా గురి తప్పలేదు. పైగా, "నేను ఉన్నది ఉన్నట్టు చదివితే నీకు ఒక్క ఉత్తరంతో సరిపోయేది. ఇప్పుడు మూడొచ్చాయి" అంటాడు. అది నిజమే గాబట్టి ఇంకా కోపం వచ్చింది.

ఇక ఈ మాట కాన్ కల్పించింది కాదు, నాది. మీ పెళ్లికని గౌను కుట్టుకున్నాను. బస్సెక్కి, ఇంకో బస్సు మారాల్సిన బాంట్రీ ఊరి దాకా వచ్చాను. వెళ్తే తిరిగి రావద్దని నాన్న అన్న మాట చెవుల్లో మోగుతోంది. ముప్పైయొక్కేళ్ల మనిషిని, ఇంకో బస్సెక్కడానికి కాళ్లు రాక, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను. దానికి సాకు లేదు. భయపడ్డాను, అంతే.

ఇప్పుడు అసలు పని. నిన్న కౌన్సిలరుకి ఫోన్ చేసి, "బాబూ, ఈ చట్టం ఉత్తరానికే నడుస్తుందా, దక్షిణానికి కూడానా?" అన్నాను. "రెండువైపులా నడుస్తుందమ్మా. అటువాళ్లు అడగరంతే" అన్నాడు. అంటే టైగ్ ఇక్కడికి, కార్క్‌లో ప్రైవేటు ఆసుపత్రికి వచ్చి కీలు మార్పించుకోవచ్చు. మీ ఆరోగ్య బోర్డు ఆ ఖర్చు తిరిగిస్తుంది. అప్పటిదాకా మా ఊరి క్రెడిట్ యూనియను అప్పిచ్చి సర్దుతుంది. మీ డాక్టరు చీటీ, ఫారాలు కావాలి. కాని మార్చి ఇరవై తొమ్మిదిన మీ రాజ్యం యూరప్‌లోంచి లేచిపోతుందట. తర్వాత సంగతి ఎవరికీ తెలీదు, లేచిపోయేవాళ్లకి కూడా.

ఆలస్యం చెయ్యకు.

డీలియా


బెల్‌ఫాస్ట్
2 జనవరి 2019

వదినా,

కాన్ సంగతి చదివి నేనూ టెడ్ నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాం. ఆయనకి నవ్వితే తుంటి నొప్పి. "ఆపు, ఆపు, అమ్మో, మళ్లీ చదువు" అంటారు. ఆ హారింగ్టన్‌కి నా నమస్కారం చెప్పు. నేను రాయాల్సిన ఉత్తరం ఏమిటో నాకంటే ముందు ఆయనకే తెలిసింది.

బాంట్రీ మాట చదివినప్పుడు మాత్రం ఎవరమూ నవ్వలేదు. ఆయన కాగితం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు.

నువ్వు చెప్పిన చట్టం గురించి కనుక్కున్నాను. నిజమే. ముప్పైయొక్క ఏళ్లు ఆసుపత్రిలో బతికి, ఆ ఫారం ఒకటుందని నాకు తెలీదు చూడు! మా డాక్టరు కూడా, "ఇటునుంచి అటు వెళ్తామన్నది మీరే మొదలు" అన్నాడు. ఎవడి దేశంలో వాడు వరసలో నిలబడి, పక్కదేశం వరస వైపు తొంగి చూడని లోకం ఇది. నేనూ అంతేగా, కిటికీ దగ్గర నిలబడి మీ బస్సుల్ని తిట్టుకున్నానే గాని, అవి ఎక్కడినుంచి వచ్చాయో అక్కడికి వెనక్కి కూడా వెళ్తాయని తోచలేదు.

చిక్కల్లా మనిషితోనే. ఫారం ముందు పెడితే, "కార్క్‌లో నడవడం కంటే బెల్‌ఫాస్ట్‌లో కుంటడం మేలు" అన్నారు. మీ నాన్నగారి అంత్యక్రియలకొచ్చి చర్చి వెనక నిలబడ్డ రోజున ఒక్కరూ ఇంటికి రమ్మనలేదని ఆయన పంతం. నా వల్ల కాలేదు. నువ్వు రాయి. నేనే చదువుతాను, ఉన్నది ఉన్నట్టు.

మర్టల్


కాసిల్‌టౌన్‌బేర్
9 జనవరి 2019

మర్టల్, ఈ కింది మాటలు వాడికి చదువు.

ఒరేయ్ టైగ్,

నాన్న పోయి ముప్పైయేడేళ్లయింది. నువ్వు ఎవరిమీద పంతం పట్టావో ఆయన ఓడిపోయి ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇప్పుడు నీ పంతం మోస్తున్నది మీ ఆవిడ నడుం. దానికీ డెబ్భై ఏళ్లు.

ఆ రోజు చర్చిలో నువ్వు వెనక నిలబడటం నేను చూశాను. అందరికంటే ముందు నేనే నీ దగ్గరికి రావాల్సింది. రాలేదు. పెళ్లికీ రాలేదు. రెండూ నా తప్పులే. క్షమించమని అడగను. కొత్త తుంటి వేయించుకుని వచ్చి నన్ను తన్ను. ఇప్పుడున్న కాలితో తంతే నువ్వే పడతావు.

మంచం కిటికీ పక్కన వేశాను. పడవలు కనబడతాయి.

అక్క


బెల్‌ఫాస్ట్
24 జనవరి 2019

వదినా,

చదివాను. ఒక్క ముక్క వదల్లేదు.

ఆయన కర్ర పట్టుకుని కిటికీ దాకా వెళ్లొచ్చారు. తర్వాత, "తన్నమందా?" అన్నారు.

"అవును."

"ఏ కాలు మారుస్తారు?"

"ఎడమది."

"నేను తన్నేది కుడికాలితో కదా."

"కుడికాలు ఎత్తితే మనిషి నిలబడాల్సింది ఎడమకాలి మీదేనండీ" అన్నాను.

కళ్లజోడు ఎక్కడని అడిగారు. ఫారం మీద సంతకం పెట్టారు. పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయాలంటే, టైగ్ లౌనీ అని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. ఆయన ఆ పేరు రాయగా నేను చూడటం ఇదే మొదలు. తిట్టులా లేదు.

ఆపరేషను మార్చి ఇరవై ఒకటి, గురువారం, కార్క్‌లో. గడువుకి ఎనిమిది రోజుల ముందు. కొన్నాళ్లు కార్క్‌లో నేను దగ్గరుంటాను. ఈస్టరుకి మా చర్చి పాటల బృందాన్ని నడిపేది నేనే గాబట్టి నేను వెనక్కి రావాలి. మనిషిని నీకు అప్పగిస్తాను. ఆయనకి ఉల్లిపాయ పడదు. పడుతుందంటారు, నమ్మకు.

నీ మర్టల్


కాసిల్‌టౌన్‌బేర్
14 ఏప్రిల్ 2019

మర్టల్‌కి,

నువ్వు కార్క్‌లో రైలెక్కిన రోజే మనిషిని కాన్ తన వ్యానులో తీసుకొచ్చాడు. మూడు గంటల దారి. ఇద్దరూ ఒక్కమాట కూడా మాట్లాడుకోలేదని చెప్పి, ఆ వెంటనే కాన్, "భలే మనిషి, ఎంత బాగా మాట్లాడాడో!" అన్నాడు. వాడి సంగతి నీకు తెలుసుగా.

నేను గుమ్మంలో నిలబడి ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. టైగ్ ఊతకర్రల మీద నిలబడి గాలి పీల్చి, "అక్కా, ఏదో మాడుతోంది" అన్నాడు. నలభై అయిదేళ్ల తర్వాత మొదటి మాట! రొట్టె మాడిపోయింది. ఆ మాడిన రొట్టే వెన్న రాసుకుని ముగ్గురం తినేశాం.

పేపరు చూశావా? మీవాళ్లు యూరప్‌లోంచి లేచిపోవడం అక్టోబరు దాకా వాయిదా. మనం డిసెంబరు నుంచి గుండెలు బాదుకుంటూ ఉరికింది ఇందుకా! "ఆ గడువే లేకపోతే నేను సంతకం పెట్టేవాణ్ని కాదు" అన్నాడు మీ ఆయన. అలాగైతే లేచిపోతామన్నవాళ్లకి మనం ఒక కేకు పంపాలి.

నిన్న రేవు దాకా నడిచాడు. నేను వెనకే, పడతాడేమోనని చేతులు చాపుకుని. పడవలు కడిగేవాళ్లు పని ఆపి చూశారు. ఒక ముసలాయన, "ఎవరబ్బాయివోయ్?" అని కేకేశాడు. "డీలియా తమ్ముణ్ని" అన్నాడు. "అయితే నీ మీద జాలిపడుతున్నా" అన్నాడు ఆయన. రేవంతా నవ్వింది. వాడు మరీ గట్టిగా.

ఉల్లిపాయ పెట్టలేదు. దొంగతనంగా తిన్నాడు. ఆ రాత్రి పడ్డ అవస్థ రాయను.

డీలియా


కాసిల్‌టౌన్‌బేర్
2 మే 2019

మర్టల్‌కి,

శుభవార్త. నా రెండో కంటికి తేదీ ఇచ్చారు. ఈ నెల పదకొండు, శనివారం బస్సు. టైగ్ కూర్చుని ప్రయాణం చెయ్యొచ్చని డాక్టరన్నాడు, గంటగంటకీ దిగి నాలుగడుగులు వేస్తే చాలట. అందుకని డ్రైవరుతో మాట్లాడాను. "కంటి జబ్బు లేనివాణ్ని ఎక్కించుకోవడం మా బస్సు చరిత్రలో లేదు" అని కాసేపు బెట్టు చేసి, కిటికీ పక్క సీటు ఇచ్చాడు. ఉత్తరానికి నేను కంటితో, వాడు కొత్త తుంటితో. తిరిగొచ్చేటప్పుడు నేనొక్కదాన్నే వస్తాననుకుని దిగులుపడుతుంటే, "ఆగస్టులో మేమిద్దరం వస్తాంగా, పడవపందేలకి" అన్నాడు. నీకు చెప్పాడో లేదో. చెప్పకపోతే ఇప్పుడు తెలిసినట్టు నటించు.

బస్సులో ప్రతివాళ్లూ ఒక పాట పాడి తీరాలి, అది మా కట్టుబాటు. ఈ మాట చెప్పినప్పటినుంచి మీ ఆయన పొద్దునే ఒడ్డున నిలబడి సాధన చేస్తున్నాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు, కర్ర ఒడ్డున పడేసి, రెండు చేతులూ చాపి. కిటికీలోంచి కనబడుతున్నాడు. సముద్రపు కాకులన్నీ పక్క దీవికి వలసపోయాయి. ఇంత ఘోరంగా పాడే మనిషితో నలభై అయిదేళ్లు ఎలా కాపురం చేశావే?

నాలుగింటికి టపా కట్టేస్తారు. ఉంటాను. శనివారం సాయంత్రం ఏడింటికి, బస్సు దగ్గరికి రా.

నీ వదిన,
డీలియా